ఖుకురి, గొడ్డలి: కొండవాడి చేతి ఇనుము



ఖమ్మం, కొత్తగూడెం, ఇల్లందు వంటి ఊళ్ళలో రాత్రివేళ ఈల వేస్తూ, చేతికర్రతో నేలను తడుతూ తిరిగే కావలివాణ్ణి మనం ‘గూర్ఖా’ అంటాము. నెలకొకసారి గుమ్మం ముందు నిలబడితే పదో ఇరవయ్యో చేతిలో పెట్టి పంపుతాము. ఆయన సొంత పేరేమిటో, ఊరేదో అడిగి తెలుసుకున్నవారు తక్కువ. గోర్ఖా అన్నది నిజానికి ఒక ఊరి పేరు. ఖాట్మండుకు పడమర దిక్కున కొండమీద ఉన్న చిన్న రాజ్యం అది. గోరఖ్‌నాథుని పేరు మీదుగా వచ్చిందంటారు. 18వ శతాబ్దంలో అక్కడి రాజు పృథ్వీనారాయణ షా చుట్టుపట్ల రాజ్యాలను కలుపుకొని నేపాల్ దేశానికి రూపం కల్పించాడు. ఒక ఊరి పేరు మొదట ఒక రాజ్యానికి, పిదప ఒక సైన్యానికి, చివరకు మన వీధులలో ఒక ఉద్యోగానికి పేరయినది. 1950లో భారత నేపాల్ దేశాల మధ్య కుదిరిన మైత్రీ ఒడంబడిక వలన ఆ దేశస్థులు ఇక్కడ నివసించవచ్చును, పని చేసుకొనవచ్చును. మన వీధి గూర్ఖా వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

గూర్ఖా అనగానే మనకు తోచే రెండవ వస్తువు వంకర కత్తి. దాని పేరు ఖుకురి. ఆంగ్లేయుల నోట కుక్రీ అయినది. ఈ టపా ఆ కత్తిని గురించి, దానికి మన మన్యంతో ఉన్న సంబంధాన్ని గురించి. చదివిన పిదప మన గొడ్డలిని మీరు కొంచెం వేరుగా చూస్తారని నా ఆశ.

మా తోడల్లుని కుమారుడు సైన్యంలో చాలాకాలం గూర్ఖా సిపాయిలతో కలిసి పని చేసినవాడు. విరమణ పొంది వచ్చేటపుడు తూర్పు నేపాల్ నుంచి ఒక ఖుకురి తెచ్చుకున్నాడు. “పెదనాన్నా, మీరు చూడవలసిన వస్తువు” అని గుడ్డలో చుట్టి పట్టుకొని వచ్చాడు. చిత్రపటాలలో సిపాయిల నడుమున కనిపించే ఖుకురి సాధారణంగా మూరెడుకు లోపే ఉంటుంది, బరువు అరకిలో నుంచి ముప్పావు కిలో. ఇది అటువంటిది కాదు. బడి స్కేలుతో కొలిస్తే పిడితో కలిపి 22 అంగుళాలు. వీధి చివరి కిరాణా కొట్టు తూకంలో కిలోంబావు దాటినది. వెన్ను వేలెడు మందం. దీనిని భోజపురే రకమంటారని అతడే చెప్పాడు. భోజపూర్ తూర్పు నేపాల్లో ఒక కొండజిల్లా, ఖుకురీలకు పేరుపడినది. అక్కడి రకానికి పొట్ట వెడల్పు. సిరు అనే గడ్డి ఆకువలె సన్నగా ఉండేది మరొకటి, దానిని సిరుపాతే అంటారు. ఒరకు వెండి తొడుగు వేసిన అలంకార ఖుకురి కోథీమోరా. కత్తికి ఇన్ని తరగతులు, ఇన్ని పేర్లు ఉన్నవని వింటే మాటలతో బతికినవానికి సంతోషమే కదా.

ఒరలోంచి తీయగానే మొదట కలిగే భావం బరువు. రెండవది ఆ బరువు ఉన్న చోటు. మామూలు కత్తి పట్టుకుంటే భారం పిడి దగ్గర తెలుస్తుంది. దీనిలో భారమంతా ముందుకు, వంపు తిరిగిన పొట్ట దగ్గరకు వెళ్ళిపోయినది. మణికట్టు వదులు చేయగానే కత్తి తనంత తాను కిందికి వంగుతుంది. ఇది నాకు వెంటనే గొడ్డలిని తలపునకు తెచ్చినది. గొడ్డలి పని చేసే సూత్రం కూడా ఇదే. కామ తేలిక, తల బరువు. చేయి చేసే పని తక్కువ, ఇనుము చేసే పని ఎక్కువ. ఖుకురిలో మరొక సదుపాయం ఉన్నది. అంచు వంపుగా ఉన్నందున దెబ్బ తగిలే క్షణంలో అది నరకడమే గాక కోస్తూ జారుతుంది. గొడ్డలి నరుకుతుంది, కొడవలి కోస్తుంది. ఖుకురి రెండింటి నడిమి వస్తువు. మన మచ్చుకత్తి కూడా ఈ కుటుంబములోనిదే. కాకుంటే దాని ముక్కు కొంకివలె లోపలికి తిరిగి, కొమ్మను లాగి కోయడానికి వీలుగా ఉంటుంది.

పిడి దగ్గర, అంచు మొదలయ్యే చోట చిన్న గంటు ఒకటి ఉన్నది. నేపాలీలో దానిని కౌడీ అని, చో అని అంటారు. అది ఆవు గిట్ట గుర్తు అని కొందరు, శివుని త్రిశూలమని కొందరు, నెత్తురు పిడి మీదికి కారకుండా అని మరికొందరు చెబుతారు. ఒక వస్తువుకు ఇన్ని వ్యాఖ్యానాలున్నవంటే ఆ జాతి దానిని ఎంతగా తనదిగా చేసుకున్నదో తెలుస్తుంది. ఒర వెనుక రెండు చిన్న జేబులు, వాటిలో రెండు చిన్న కత్తులు. ఒకటి కర్దా, పదునైనది, కూరలు కోయడానికి, పుల్లలు చెక్కడానికి. రెండవది చక్‌మక్, మొద్దుది. పెద్దకత్తి అంచు సరిచేయడానికి, చెకుముకి రాతిపై కొట్టి నిప్పు పుట్టించడానికి. చకుముకి అనే మన మాటకు అది సోదరి అని వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెండు చిన్న కత్తులను చూసిన తరువాత ఖుకురి కేవలం చంపడానికి పుట్టినదని ఎవరనగలరు? వంటకు, నిప్పుకు, చెట్టుకు కావలసినవన్నీ ఒక ఒరలో ఉన్నవి. అడవిలో ఒంటరిగా తిరిగేవాని ఇల్లు అది. నేపాల్ కొండ పల్లెలలో ఖుకురితో పశువుల మేతకు కొమ్మలు కొడతారు, వెదురు చీలుస్తారు, కట్టెలు కొడతారు, మాంసం కొడతారు. దసరాను వారు దశైన్ అంటారు. ఆ పండుగకు బలి ఇవ్వడానికి అసాధారణ పరిమాణంలో రెండు చేతులతో పట్టే కత్తులు కూడా చేయిస్తారు. అదే పండుగలో పనిముట్లకు, ఆయుధాలకు పూజ చేస్తారు. మనం ఆయుధపూజ నాడు కొలిమికి, నాగలికి, ఇప్పుడు మోటారు వాహనానికి బొట్టు పెట్టడం లేదా? పని చేసే ఇనుముకు మొక్కడం హిమాలయం నుంచి గోదావరి దాకా ఒకటే ఆచారం.

ఖుకురి ఒరలోంచి తీస్తే నెత్తురు చూడనిదే మళ్ళీ పెట్టరాదని ఒక మాట లోకంలో ప్రచారంలో ఉన్నది. ఇది కట్టుకథ. రోజుకు పదిసార్లు కట్టెలకు తీసే కత్తికి అటువంటి నియమం ఉంటే ఆ ఇంటి వేళ్ళు ఏమి కావాలి? ఈ కథ యుద్ధరంగంలో పుట్టి, పత్రికలలో పెరిగినది. 1814లో ఈస్టిండియా కంపెనీకి నేపాల్‌కు యుద్ధం మొదలయినపుడు నాలాపానీ కొండకోట దగ్గర కంపెనీ సేనాని జిల్లెస్పీ హతుడయ్యాడు. తమను నిలవరించిన ఈ కొండవారి ధైర్యం చూసి, యుద్ధం ఇంకా ముగియకముందే, 1815లో కంపెనీవారు వారితో పటాలాలు కట్టడం మొదలు పెట్టారు. 1816లో సుగౌలీ సంధి. అక్కడి నుంచి ఖుకురి ప్రపంచమంతా తిరిగినది. 1947లో దేశం స్వతంత్రమైనపుడు పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు, నాలుగు బ్రిటనుకు పంపకమయినవి. ఆ చరిత్ర గొప్పదే. అయితే ఆ గొప్పదనంలో మేతకొమ్మలు కొట్టే కత్తి మరుగుపడి, నెత్తురు అడిగే కత్తి మిగిలినది.

భాషాభిమానులకు ఇక్కడ ఒక చిన్న మాట. మొదటి ప్రపంచయుద్ధంలో గూర్ఖా పటాలంలో అధికారిగా పోరాడిన రాల్ఫ్ టర్నర్ అనే పండితుడు 1931లో నేపాలీ నిఘంటువు ప్రకటించాడు. మనకు బ్రౌన్ దొర ఎటువంటివాడో నేపాలీవారికి ఆయన అటువంటివాడు. తన సిపాయిల చేతి కత్తినే గాక వారి నోటి మాటను కూడా గౌరవించిన ఆంగ్లేయుడు ఒకడైనా ఉన్నాడు.

ఆ ఖుకురిని మా ప్రాంతపు ముసలి కమ్మరికి చూపించాలని నాకు బుద్ధి పుట్టినది. ఆయన కొలిమి ఇంకా ఆరలేదు. చుట్టుపక్కల కోయగూడేలకు గొడ్డళ్ళు, కొడవళ్ళు, పారలు చేసిపెడతాడు. కత్తిని చేతిలోకి తీసుకొని మాట్లాడకుండా చాలాసేపు చూశాడు. గోటితో అంచు తాకాడు. చిన్న సుత్తితో వెన్ను మీద ఒకసారి, అంచుకు దగ్గరగా ఒకసారి తట్టి విన్నాడు. “ఇది లారీ కమాను పట్టీ సారూ. మనం గొడ్డలికి వేసేదే” అన్నాడు. మరి కాసేపటికి “వెన్ను మెత్తగ ఉంచిండు. అంచు ఒక్కటే గట్టి చేసిండు. పనోడే” అని మెచ్చుకున్నాడు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. నేపాల్లో ఈనాడు ఖుకురీలు ఎక్కువగా పాత వాహనాల కమాను పట్టీలతోనే చేస్తారు. ఎర్రగా కాలిన కత్తిని నీటిలో పూర్తిగా ముంచరు. కూజా మూతి నుంచి సన్నని ధారగా అంచు మీద మాత్రమే నీరు పోస్తారు. అంచు ఒక్కసారిగా చల్లబడి గట్టిపడుతుంది. వెన్ను మెల్లగా చల్లారి మెత్తగా ఉంటుంది. కత్తి మొత్తం గట్టిగా ఉంటే దెబ్బకు పెళుసుగా విరుగుతుంది, మొత్తం మెత్తగా ఉంటే అంచు వంగుతుంది. విరగకుండా, వంగకుండా ఉండాలంటే ఒకే ఇనుములో రెండు స్వభావాలు ఉండాలి. హిమాలయంలో కమ్మరి, గోదావరి ఒడ్డున కమ్మరి ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అయినా ఒకరి పని మరొకరు సుత్తి శబ్దంతో చదవగలిగారు. ఇది కూడా ఒక లిపి కాదా?

అక్కడి కమ్మరిని కామీ అంటారు. ఒర కుట్టే చర్మకారుడు సార్కీ. నేపాల్ రాజ్యం 1854లో చేసిన ములుకీ ఐన్ అనే ధర్మశాసనం ఈ ఇరువురినీ అంటరానివారిగా నిర్ణయించినది. 1963లో వచ్చిన కొత్త శాసనం దానిని తొలగించేదాకా, చట్టం ప్రకారం, ఆ దేశ వీరత్వానికి గుర్తయిన కత్తిని చేసినవాని చేతి నీళ్ళు ఆ కత్తి పట్టినవాడు తాగరాదు. మన ఊళ్ళలో కమ్మరికి పంచవృత్తులలో ఒకడిగా గౌరవస్థానం ఉండేది, గాని ఆయన కడుపు నిండినదని చెప్పలేము. మన తెలంగాణ ఉక్కు ఒకనాడు దూరదేశాలకు వెళ్ళినది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఉక్కు తయారీని చూసి వోయిసీ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రజ్ఞుడు రాసిన వివరణ 1832లో అచ్చయినది. పారసీక వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు కొనేవారు. ఉక్కు అనే మన దక్షిణాది మాటే ఆంగ్లేయుల నోట ఊట్జ్ అయిందని పండితుల అభిప్రాయం. ఆ ఉక్కుతో కత్తి చేసిన దేశాలకు పేరు వచ్చినది. ఉక్కు వండినవాని పేరు ఎక్కడా లేదు.

ఇక మన మన్యం సంగతి.

భద్రాచలం తాలూకా 1860లో నిజాం నుంచి ఆంగ్లేయుల చేతికి వెళ్ళి, మధ్యపరగణాలలో చేరినది. 1874లో దానిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. కాగితం మీద ఇది ఒక సరిహద్దు గీత. కొండమీద వానికి మాత్రం ఇది గొడ్డలి సంగతి. ఎందుకంటే మధ్యపరగణాల పాలనలో రేకపల్లి ప్రాంతంలో పోడు వ్యవసాయానికి శిస్తు ఎకరాల లెక్కన కాదు, గొడ్డలి లెక్కన. గొడ్డలికి నాలుగు అణాలు. ఆ నాలుగు అణాలు చెల్లించినవాడు తన ఒక్క గొడ్డలితో ఎంత కొట్టుకోగలిగితే అంత కొట్టుకోవచ్చును. నాకు ఈ పద్ధతిలో ఒక వివేకం కనిపిస్తుంది. కొండకు కొలబద్ద లేదు. మనిషి భుజబలమే కొలబద్ద. ఒక గొడ్డలి అంటే ఒక కుటుంబం, ఒక కుటుంబం అంటే ఒక తిండి.

మద్రాసు ప్రభుత్వం వచ్చిన తరువాత ఆ శిస్తు దాదాపు మూడింతలయినది. కొన్ని అడవులలో పోడే నిషిద్ధమయినది. 1879లో రంప ప్రాంతంలో మునసబుదారు అక్రమాలకు, కల్లు చెట్ల మీద వేసిన చిగురుపన్నుకు వ్యతిరేకంగా తిరుగుబాటు మొదలయితే, అది రేకపల్లికి అంటుకోవడానికి ఈ గొడ్డలి శిస్తు ఒక ముఖ్యకారణం. దానిని అణచడానికి మద్రాసు పదాతి దళాలు, గుర్రపుదళం, హైదరాబాదు కంటింజెంటు సేన రావలసి వచ్చినవి. ఆ రేకపల్లి మొన్నటిదాకా మన ఖమ్మం జిల్లాలోనే ఉండేది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మానికి వచ్చినవి. 2014లో పోలవరం కారణంగా ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినవి. 2022లో అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. మళ్ళీ ఒక గీత మారినది. కొండ మాత్రం కదలలేదు.

అల్లూరి పేరు రానే వచ్చినది కనుక రెండవ ఘట్టం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగి, 26 తుపాకులు మన్యం వీరుల చేతికి వచ్చినవి. ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగవలెను. గొడ్డలి నిజముగా యుద్ధాయుధమే అయితే, ఇంటింటా గొడ్డలి ఉన్నవారు తుపాకుల కోసం ఠాణాలకు వెళ్ళవలసిన అవసరమేమి? తమ ఇంట్లో ఉన్నది పనిముట్టేగాని ఆయుధం కాదని వారికి స్పష్టంగా తెలుసు. తెలియనిది దస్తావేజులు రాసేవారికి.

మలబారు ప్రత్యేక పోలీసులు వచ్చారు. వారి వలన పని కాలేదు. 1924 ఆరంభంలో అస్సాం రైఫిల్స్ దళాన్ని రప్పించారు. ఈశాన్య సరిహద్దు కొండలలో పోరాడటానికి ఏర్పడిన దళం అది, అందులో గూర్ఖాలు పెద్దసంఖ్యలో ఉండేవారు. ఖుకురి వారి నడుముపట్టీలో భాగం. ఆ సంవత్సరం మే 7న సీతారామరాజును పట్టుకొని కాల్చి చంపారు. ఈ కథను మనం ఎన్నోమార్లు విన్నాము, చూశాము, పాడుకున్నాము. అయితే ఆ దళపు సిపాయిని గురించి మనం ఆలోచించినట్లు లేదు. అతడూ కొండవాడే. అతని ఊళ్ళోనూ మెట్టు మెట్టుగా చెక్కిన చిన్న పొలం, చాలని గింజ, అప్పు. అతని ఇంట్లోనూ ఆ కత్తితోనే కట్టెలు కొట్టేవారు. ఒక కొండ రైతు పనిముట్టును మరొక కొండ రైతు పనిముట్టు మీదికి పంపినవాడు ఇద్దరికీ దూరంగా మైదానంలో కూర్చున్నాడు. చరిత్రలో సామ్రాజ్యాలు చేసే పనులలో ఇది అతి పాతది.

ఈ రెండు కొండలనూ కన్నులారా చూసిన పండితుడు ఒకడున్నాడు. ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1941 ప్రాంతంలో గోదావరి కొండలలోని కొండరెడ్ల గూడేలలో నివసించి, వారిమీద ఒక గ్రంథం రాశాడు, అది 1945లో వెలువడినది. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పని చేశాడు. ఆదిలాబాదు మార్లవాయిలో గోండు పిల్లల చదువుకు పునాది వేసినవాడు ఆయనే. తరువాత 1953లో నేపాల్ వెళ్ళి షెర్పాల నడుమ నివసించి వారి మీద కూడా రాశాడు. మన పాపికొండల పోడు రైతును, హిమాలయపు బంగాళదుంప రైతును ఒకే శ్రద్ధతో చూసిన కళ్ళు అవి. గొడ్డలితో చలికాలంలో చెట్టు కొట్టి, ఎండాకాలంలో కాల్చి, వాన పడగానే కర్రతో గుంట చేసి జొన్న గింజ వేసే కొండరెడ్ల జీవితం ఆయన పుస్తకంలో నిలిచి ఉన్నది.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ఒక ముచ్చట. నేను ఏజెన్సీ బడులలో తెలుగు చెప్పిన కాలంలో తొమ్మిదో తరగతి కోయ బాలుడొకడు ఒక కాగితం తెచ్చి చూపించాడు. అతని తండ్రి మీద పోడు కేసు పెట్టారు. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అవసరం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క గొడ్డలినీ పట్టుకుపోయారు. స్వాధీనపరచుకున్న వస్తువుల జాబితాలో ఆ గొడ్డలి పేరు “పదునైన మారణాయుధము” అని రాసి ఉన్నది.

“సార్, మారణాయుధమంటే ఏంది?” అని అడిగాడు.

తెలుగు పంతులు ఏమి చేస్తాడు? విగ్రహవాక్యం చెప్పాను. “మారణము కొరకు ఆయుధము. చతుర్థీ తత్పురుష సమాసము. అంటే చంపడానికి ఉద్దేశించిన ఆయుధం.”

ఆ పిల్లవాడు కాసేపు ఆలోచించి, “మరి మాది కట్టెల కొరకు గద సార్” అన్నాడు.

వ్యాకరణం ఇంత సూటిగా ఒక కాగితాన్ని ఖండించడం నా ఉద్యోగ జీవితంలో మరెన్నడూ చూడలేదు. విభక్తి ఒక్కటే. దాని ముందు పడిన మాట మారితే మనిషి రైతు అవుతాడు, లేదా నేరస్థుడవుతాడు. ఆ సంవత్సరం ఆ ఇంటివారు పొరుగువారి గొడ్డలి అడిగి తెచ్చుకొని పని చేసుకున్నారు. వంతు రానపుడు పొయ్యిలోకి పుల్లలు ఏరడానికి ఆ పిల్లవాడు బడి మానవలసి వచ్చేది. నేను హాజరుపట్టీలో సున్నాలు పెట్టవలసి వచ్చేది. గొడ్డలి మాత్రం ఆ ఏడాది ఇంటికి రాలేదు.

చట్టానికి కూడా ఈ ‘కొరకు’ తెలుసు. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో చేసిన, 2016 దాకా అమలులో ఉన్న నియమావళి చూస్తే, ఆయుధాల తరగతులలో ఒకదానిలో కత్తులు, బాకులు, ఈటెలు, యుద్ధపరశువులు, కిర్పాణాలతో పాటు ఖుకురీ పేరు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అలుగు 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉంటే ఆ తరగతిలోకి వచ్చేది. అయితే అదే వాక్యం చివర ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశ్రమల పనికి ఉద్దేశించినవి తప్ప అని మినహాయింపు ఉన్నది. అంటే ఇనుము పొడవు మాత్రమే కాదు, అది దేని కొరకు అన్నది చూడవలెనని ఆ నియమమే చెప్పినది. తొమ్మిదో తరగతి పిల్లవాడు అన్నదీ అదే.

ఇంత చెప్పి, కత్తి అమాయకమైనదని నేననను. 2022 నవంబరులో మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో, పోడు భూమిలో మొక్కల పెంపకం గురించిన తగాదాలో, విధి నిర్వహణలో ఉన్న అటవీ రేంజి అధికారి ఒకరు కత్తివేట్లకు ప్రాణాలు విడిచారు. మరుసటి సంవత్సరం న్యాయస్థానం ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించినది. ఆయనా ఒక ఇంటికి పెద్దదిక్కే. ఆయన నాటించిన మొక్కలూ అడవి కొరకే. పనిముట్టు ఆయుధంగా మారడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం దాకా తెచ్చిన సంవత్సరాలను ఎవరూ లెక్క వేయరు. 2006లో అటవీ హక్కుల గుర్తింపు చట్టం వచ్చినది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలు పెట్టినది. గొడ్డలికి నాలుగు అణాలు కట్టిన నాటి నుంచి పట్టా కాగితం చేతికి వచ్చే నాటికి నూటయాభై ఏళ్ళ దూరం. ఆ కాగితం అందినవారు కొందరు, అందనివారు మరికొందరు. అధికారిని చంపిన కత్తిని ఆయుధమనడం న్యాయం. ఆ కారణంగా అడవిలోని ప్రతి గొడ్డలినీ అదే మాటతో పిలవడం న్యాయం కాదు. ఈ భేదం చూపగలిగేది భాష ఒక్కటే. ఆ భాషను అజాగ్రత్తగా వాడితే మొదట దెబ్బ తినేవాడు చదవడం రానివాడు.

మా తోడల్లుని కుమారుని ఖుకురి అతని ఇంటికి తిరిగి వెళ్ళినది. వెళ్ళేముందు మా పెరట్లో ఎండిన మునగ మొద్దును దానితో కొట్టి చూశాము. నాలుగు దెబ్బలకు రెండు ముక్కలయినది. అరవై దాటిన నా చేతికి అలసట తెలియలేదు. ఆ బరువు అక్కడ ఎందుకున్నదో ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా ఆ మొద్దు చెప్పినది.

మిత్రులకు ఒక మనవి. గొడ్డలి, గండ్రగొడ్డలి, మచ్చుకత్తి, కమ్మకత్తి, గీతకత్తి, వేటకొడవలి, కత్తిపీట, చురకత్తి ఇవి నాకు తెలిసిన కొన్ని పేర్లు. ప్రతి పేరు వెనుక ఒక పని ఉన్నది, ఒక ‘కొరకు’ ఉన్నది. గీతకత్తి అంటే కల్లుగీత కొరకు, కమ్మకత్తి అంటే తాటికమ్మ కొరకు. మీ సీమలో, మీ తాతల ఇంట్లో చూరులో దోపి ఉండే ఇనుముకు ఏమని పేరు, దానితో ఏమి చేసేవారు, వీలున్నవారు రాయండి. కోయ, కొండరెడ్డి భాషల మాటలు తెలిసినవారు రాస్తే మరీ సంతోషం. పేర్లు పోగుచేసి ఒక పట్టికగా పెడతాను. పేరు ఉన్నంతకాలం దానిని మరొక పేరుతో జాబితాలో రాయడం కొంచెమైనా కష్టమవుతుంది.